విశ్వాసుల సహవాసము: దాని విలువయు వెలయు

సహవాసమను మాట మన క్రైస్తవ సంఘములలో ప్రతిదినమును వినబడుచుండును. కూడికకు సహవాసమని పేరు. విందునకు సహవాసమని పేరు. ఆరాధన ముగిసిన పిమ్మట గుడి వాకిట నిలిచి కుశలప్రశ్నలు సలుపుకొనుటకును సహవాసమనియే పేరు. చేతులు మారుచుండు నాణెముమీది ముద్ర యరిగిపోవునట్లు, తరచుగ పలుకబడు మాటయొక్క యర్థమును అరిగిపోవును. కావున ఆ మాటకు అర్థమేమో, ఆ భాగ్యమునకు విలువ యేమో, దానికై మనము చెల్లింపవలసిన వెల యేమో ఈ వ్యాసమున కొంత విచారింతము. నా యభిప్రాయమును ముందుగనే చెప్పెదను. ఒకరి యింటి స్థితి మరియొకరికి తెలిసియుండుటయు, తెలిసిన పిమ్మట ఊరకుండలేకపోవుటయు సహవాసము. ఈ రెండును లేనిచోట ఎంత గొప్ప సమూహము కూడినను అది సమూహమే గాని సహవాసము గానేరదు.

క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడినది. అందు సహవాసమునకు వాడబడిన పదము 'కొయినోనియ'. పాలుపంచుకొనుట, పొత్తు కలియుట యని దాని యర్థము. అది దేవాలయములో పుట్టిన పదము కాదు. నిత్యజీవనమున వర్తకులును పనివారును వాడుకొనిన పదము. లూకా సువార్త యయిదవ యధ్యాయమున జెబెదయి కుమారులైన యాకోబు యోహానులు సీమోనునకు పాలివారని చెప్పబడినచోట ఈ పదమునకు చుట్టమైన మాటయే యున్నది. ఒక పడవవారి వలలు చేపల బరువునకు పిగులుచుండగా రెండవ పడవవారు వచ్చి చేయి వేసిరి. యెరూషలేములోని బీదలకొరకు మాసిదోనియ, అకయ సంఘములవారు కూర్చిన ధనసహాయమును గూర్చి రోమీయులకు వ్రాయుచు పౌలు ఈ పదమునే వాడెను. మన పల్లెలలో పొత్తున సేద్యము చేయువారికి దీని భావమును విడమరచి చెప్పనక్కరలేదు. ఒకని యెద్దు కుంటినయెడల రెండవవాని దుక్కియు నిలిచిపోవునని వారెరుగుదురు.

ఈ పొత్తు చెడినప్పుడేమగునో కొరింథు సంఘమువలన తెలిసికొనవచ్చును. అచ్చటి విశ్వాసులు ప్రభువు బల్లకై కూడివచ్చుచుండిరి. అయితే కలిగినవారు తమ భోజనమును తామే ముందుగ తిని తృప్తులగుచుండగా, లేనివారు ఆకలితో చూచుచుండిరి. ఆ సంఘమున కీర్తనలకు కొదువ లేదు, బోధలకు కొదువ లేదు, వరములకు కొదువ లేదు. అయినను అట్టి కూడిక ప్రభువు భోజనము కాజాలదని పౌలు కఠినముగ వ్రాసెను. ఆయన చెప్పిన పరిహారము చూడ మిక్కిలి చిన్నది: వెనుక వచ్చువారు చేరువరకు ముందు వచ్చినవారు ఆగవలెను. దినమెల్ల పనిచేసి అలసివచ్చువానికై, తీరికగలవాడు తన పళ్లెము ముట్టక కాచుకొనియుండవలెను. ఇంతకంటె సామాన్యమైన యాజ్ఞ యుండదు. ఆచరింప ఇంతకంటె కష్టమైనదియు నుండదు.

ఈ విషయమున కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల క్రైస్తవులకు ప్రత్యేకమైన యొక స్వాస్థ్యము గలదు. నైజాము రాజ్యకాలమున ఈ సీమలో సువార్తపని జరిపి పాఠశాలలు నెలకొల్పినవారిలో వెస్లియను మెథడిస్టు మిషనువారు ముఖ్యులు. ఆ సమాజమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీగారి కాలమున ఒక చిన్న సంగతి జరిగెను. 1742వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీని, ఇంగ్లాండు దేశమందలి బ్రిస్టలు పట్టణములో, తమ ప్రార్థనామందిరముమీది అప్పును తీర్చు నుపాయమును వెదకుటకు సభ్యులు కూడిరి. కెప్టెన్ ఫాయ్ అను నతడు లేచి, అప్పు తీరువరకు ప్రతి సభ్యుడును వారమునకొక పెన్నీ చొప్పున ఇయ్యవలెనని సూచించెను. అనేకులు ఆపాటి యీయలేని బీదలని మరియొకరు చెప్పిరి. అంతట ఆ కెప్టెను, మిక్కిలి బీదలైన పదునొకండుగురిని తనకప్పగింపుడనియు, తాను వారమువారమును వారి యిండ్లకు పోయెదననియు, ఈయలేనివారి పెన్నీని తానే చెల్లించెదననియు బదులు చెప్పెను. ఇతరులును అట్లే యొప్పుకొనిరి.

పిమ్మట జరిగినది ఎవరును తలంపనిది. పెన్నీకొరకు ఇండ్లకు పోయినవారికి ఇంటిలోపలి సంగతులు కానవచ్చెను. ఒకచోట ఆలుమగల కలహము, మరియొకచోట త్రాగుడు కంటబడెను. వెస్లీగారు ఇది విని, తాము బహుకాలమునుండి కోరుచున్నది ఇదియేయని గ్రహించి, ఆ వసూలుదారులనే తమ తమ గుంపులకు ఆత్మసంబంధమైన కావలివారినిగ నియమించిరి. అప్పుకై పుట్టిన యేర్పాటు ఆత్మల సంరక్షణమునకు మార్గమయ్యెను. ఇంచుమించు పండ్రెండుమంది చొప్పున నేర్పడిన ఆ చిన్న గుంపులు 'క్లాసు' కూటములని పేరొంది ఆ సమాజమునకు వెన్నెముకవంటివయ్యెను. వేలకొలది జనులు వచ్చి వినదగిన ప్రసంగశక్తి వెస్లీగారికి కలదు. అయినను, ప్రసంగమువలన మేలుకొనినవారిని ఒక గుంపుగ జతపరచి కాపాడనియెడల వారిలో ననేకులు మరల నిద్రింతురని ఆయన యనుభవముచేత నెరిగెను. ప్రసంగము మనుష్యుని మేలుకొలుపగలదు. మేలుకొనియుండుటకు ప్రక్కన మరియొకడు కావలెను.

తెలుగు సంఘములలో ఆ పెన్నీకి సాటి రాదగినది పిడికెడు బియ్యము. అన్నము వండబోవుటకు ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యమును వేరొక కుండలో వేసి, కూడబెట్టిన దానిని దేవాలయమునకు తెచ్చు నాచారము దోర్నకల్లు అధ్యక్షమండలమందును, ఇతర తెలుగు సంఘములందును వ్యాపించెను. చేతిలో రూకలు లేని యింటనైనను పొయ్యి రాజినదినమున పిడికెడు గింజలుండును గనుక, ఈ యర్పణయందు కూలివాని భార్యయు ఉద్యోగి భార్యయు సమానులైరి. ఇందు మరియొక మేలును గలదు. ఎల్లప్పుడును నిండుగ వచ్చు సంచి యొక యాదివారమున వట్టిదైవచ్చినయెడల, ఆ వారము ఆ యింట నేదో కొరత గలదని ప్రక్కన కూర్చున్న సహోదరి యడుగకయే తెలిసికొనగలదు. బియ్యముకంటె ఆ తెలివిడియే సంఘమునకు గొప్ప ధనము. నేడు అనేకచోట్ల బియ్యమునకు బదులు నోటును కవరులో నుంచి వేయుచున్నాము. సౌకర్యమునకు అది మంచిదే. అయితే కవరు మూయబడియుండును. ఇంటి స్థితియు దానితోకూడ మూయబడిపోవుచున్నది.

సహవాసమున్నదో లేదో పరీక్షించుటెట్లని కొంద రడుగవచ్చును. మన ప్రాంతమందలి బొగ్గుగనులు ఇందుకొక పాఠము చెప్పుచున్నవి. మందమర్రి, శ్రీరాంపురము, గోదావరిఖని గనులలో భూమి లోపల పనిచేయువారు దిగుటకు ముందు దీపముల గదిలో సంఖ్య వేయబడిన దీపమును పుచ్చుకొందురు. పని ముగించి పైకి వచ్చిన పిమ్మట దానిని తిరిగి యప్పగింతురు. ఒక్క దీపము తిరిగి రానియెడల ఒక మనుష్యు డింకను లోపలనున్నాడని యర్థము. పైకి వచ్చినవారు తొంబదితొమ్మిదిమంది యున్నారుగదాయని అచ్చటివారు తృప్తిపడి యిండ్లకు పోరు, రానివానిని వెదకుదురు. తప్పిపోయిన గొఱ్ఱెను గూర్చిన ప్రభువు ఉపమానమును ఆ దీపముల గది ప్రతిదినము ఆచరించి చూపుచున్నది.

మన సంఘములందు అట్టి దీపముల గది యేది? ఒక కుటుంబము మూడు ఆదివారములు ఆరాధనకు రాకున్నయెడల నాలుగవ ఆదివారమునకు ముందుగ వారి తలుపు తట్టువారెవరు? కాపరి తట్టవలెనందురా? అనేక గ్రామములను ఒంటరిగ చూచుకొనవలసిన కాపరికి అది సాధ్యము కాదు. కాపరి చేయవలసినదని మనము విడిచిపెట్టిన పనిలో పెద్దభాగము నిజముగ పొరుగువానిది. అందుచేతనే చిన్న గుంపు కావలెననుట. అయిదువందలమందిలో ఒకని లేమి యెవరికిని తెలియదు, పండ్రెండుమందిలో తెలియకపోదు.

ఈ పని పూర్వముకంటె నేడు మరింత యవసరమని నా దృఢాభిప్రాయము. 1970 తరువాతి దశాబ్దములనుండి కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలనుండి వేలాది పురుషులు జీవనమునకై దుబాయి, మస్కటు, కువైటు మొదలగు గల్ఫు పట్టణములకు పోవుచున్నారు. పోవుటకు ముందు ఏజెంటున కిచ్చు సొమ్ము తరచుగ వడ్డీకి తెచ్చినదే. అచ్చట అతడు ఎండలో ఒంటరి. ఇచ్చట అతని భార్య అప్పులవారి యెదుట ఒంటరి. పిల్లలు తండ్రి స్వరమును టెలిఫోనులోనే యెరుగుదురు. ఆదివారమున ఆమె శుభ్రమైన చీర కట్టి వచ్చి మనతో కీర్తన పాడి మరలిపోవును. ఆమెకు వందనములు చెప్పి మనమును మరలిపోదుము. ఆ వారమున వడ్డీవాడు వచ్చి వాకిట కూర్చుండెనని మనకు తెలియునా? మరియు 2016వ సంవత్సరమున పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు విభజింపబడి జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల మొదలగు జిల్లాలేర్పడినవి. చదువుకై, కొలువుకై మన యువజనులు ఈ పట్టణములకును హైదరాబాదునకును చెదరుచున్నారు. చెదరినవారిని తెలిసికొని చేర్చుకొను చిన్న గుంపు ప్రతిచోటను లేనియెడల, వారి విశ్వాసము పొయ్యినుండి వేరుగ తీసిన కొరవివలె చల్లారును.

ఇక వెలను గూర్చి చెప్పవలెను. మొదటి వెల గర్వము. తెలుగు పల్లెలలో సువార్తను మొదట అంగీకరించినవారిలో పెక్కుమంది మాలవాడలనుండియు మాదిగవాడలనుండియు వచ్చినవారు. ఊరివారిచేత దూరముగ నుంచబడి, బావి నీటికై ఇతరుల దయను కనిపెట్టుకొని, అవమానమన నేమో యెరిగినవారు. అట్టి మనమే, ఆ వాడకును ఈ వాడకును నడుమ ఇంకొక గీత గీసికొని, ఒకే బల్లయొద్ద రొట్టె విరిచినవారము పెండ్లిమాటలయొద్ద జాతి యడుగుచున్నయెడల, ప్రభువు బల్ల మనకేమి నేర్పినట్లు? గుడిలో సహోదరుడు, పెండ్లి పందిరిలో పరుడునా? అంతస్తుల భేదము నిట్లే నిలుపుకొనిన కొరింథువారికి పౌలు వ్రాసిన లేఖ మనకును చిరునామా వ్రాయబడినదే.

గర్వము కులమునకు మాత్రమే సంబంధించినది గాదు. 1910వ సంవత్సరమున స్కాట్లాండు దేశమందలి ఎడింబరో పట్టణములో గొప్ప మిషనరీ మహాసభ జరిగెను. అందు వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు మాటలాడిరి. తిరునెల్వేలి ప్రాంతమున 1874లో పుట్టిన ఆయన అప్పటికే దోర్నకల్లునకు వచ్చి పనిచేయుచుండిరి. విదేశ మిషనరీల త్యాగమును ఆయన తక్కువ చేయలేదు. అయితే దేశీయ సహోదరులతో కూర్చుండి భుజించుట, వారిని తమ యింటికి పిలుచుట, మిత్రులుగ నెంచుట కొరవడినదని ఆ పెద్దలముందే నిర్భయముగ పలికి, త్యాగముతో పాటు స్నేహమును గూడ కోరిరి. ఆ మాట కొందరికి నొప్పి కలిగించెను. కాని అది మరువబడలేదు. రెండు సంవత్సరములకు, 1912 డిసెంబరు 29వ తేదీని, ఆయన దోర్నకల్లు బిషప్పుగ అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నొందిన మొదటి భారతీయు డాయనయే. దానము చేయుట సులభము. దానము పుచ్చుకొనువాని ప్రక్కన కూర్చుండి అతని యింటి యన్నము తినుట కష్టము. అజరయ్యగారు అడిగినది ఆ కష్టమైనదానినే. నేడు ఆ ప్రశ్న విదేశీయులకు గాదు. చదివిన క్రైస్తవునకు, చదువని క్రైస్తవునకు మధ్య నున్నది. పట్టణపు సంఘమునకు, పల్లె సంఘమునకు మధ్య నున్నది.

రెండవ వెల ఓర్పు. 1919వ సంవత్సరమున తరంగంబాడిలో కొందరు సంఘనాయకులు కూడి, దక్షిణ హిందూదేశపు సంఘముల యైక్యతను గూర్చి యాలోచన ప్రారంభించిరి. అజరయ్యగారు వారిలో నొకరు. ఆ యాలోచన ఫలించి 1947 సెప్టెంబరు 27వ తేదీని మద్రాసు నగరమున దక్షిణ ఇండియా సంఘ మేర్పడువరకు ఇరువదియెనిమిది సంవత్సరములు పట్టెను. ఆంగ్లికనులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలు ప్రెస్బిటీరియను సంప్రదాయములవారు ఏకమైరి. అజరయ్యగారు ఆ దినమును చూడలేదు. 1945 జనవరి 1వ తేదీనే ప్రభువునందు నిద్రించిరి. 1978లో కరీంనగరు అధ్యక్షమండల మేర్పడెను. మన పెద్దలు ఇన్ని సంవత్సరము లోర్చుకొని గోడలు తీసివేసిరి. వారు తీసిన గోడల రాళ్లతో మనము ఎన్నికల పక్షములను, వ్యాజ్యములను కట్టుకొనుచున్నయెడల వారి శ్రమ వృథయగును. సంఘైక్యమును పత్రముమీద పెద్దలు సంతకము చేసి స్థాపింపవచ్చును. వీధిలో దానిని నిలుపవలసినవారు పొరుగువారే.

ఈ వాదమునకు కొన్ని యాక్షేపణలు గలవు. భక్తి మనుష్యునికిని దేవునికిని మధ్యనుండు రహస్యము, ఇతరుల జోక్యమేలయని కొందరందురు. రహస్యప్రార్థన యవసరమే. జర్మనీ దేశపు బోధకుడైన డీట్రిష్ బోన్‌హోఫర్‌గారు, హిట్లరు ప్రభుత్వము మూసివేయించిన ఫింకెన్‌వాల్డే వేదపాఠశాలలో విద్యార్థులతో కలిసి జీవించిన యనుభవమునుబట్టి 1939లో సహవాసజీవితమును గూర్చి యొక చిన్న గ్రంథమును ప్రకటించిరి. ఏకాంతమును సహింపలేనివాడు సహవాసమును చెరచునని, సహవాసమును సహింపలేనివాడు ఏకాంతమున చెడునని ఆయన భావము. 1945 ఏప్రిలులో ఆయన ఉరితీయబడిరి. చెరసాల యేకాంతమును సహింపవలసివచ్చినవాని మాట గనుక దీనిని తేలికగ త్రోసివేయరాదు.

దగ్గర సహవాసము చాడీలకు తావిచ్చునని మరికొందరందురు. ఇది నిజమైన భయము. ఒకని కష్టము తెలిసినవాడు దానిని వీధిలో చాటినయెడల, ఆ కష్టపడువాడు మరి యెన్నడును నోరు విప్పడు. దీనికి మందు దూరముగ నుండుట కాదు. విన్నదానిని ప్రార్థనలో దేవునికి చెప్పి, సాయముగ చేతితో చూపి, నాలుకకు మాత్రము తాళము వేయుట. ఎవడు ఒకరి రహస్యమును మోయలేడో వాడు ఒకరి భారమునుగూడ మోయలేడు.

క్రైస్తవులు తమలోతాము దగ్గరైనకొలది ఇతరులకు దూరమగుదురుగదాయని మూడవ యాక్షేపణ. ఈ పత్రికను చదువు హిందూ, ముస్లిము మిత్రులు ఈ ప్రశ్న యడుగుట న్యాయమే. ఇంటిలో ప్రేమింప నేర్చినవాడు బయట ద్వేషించునా? నైజాము రాజ్యమున మిషను ఆసుపత్రులు ఏ మతమువారిని వాకిటనుండి త్రోసివేయలేదు. పొరుగున నున్న నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో స్థాపింపబడిన కుష్ఠరోగుల ఆసుపత్రి డాక్టరు ఇసబెల్ కెర్‌గారి కృషివలన నిలిచినది. ఒక హిందూ ప్రభువు, రాజా నర్సాగౌడుగారు, ఉదారముగ ధనమిచ్చి దానికి తోడ్పడెను. కంచె వేసికొనిన సహవాసము రోగముతో సమానము. పొరుగువాని యాకలిని చూడగలుగునట్లు కన్నులు తెరచు సహవాసమే ఆరోగ్యము.

విద్యార్థులారా, ఇది పెద్దలకు మాత్రమే చెందిన విషయమని తలంపకుడు. వసతిగృహమున మీ ప్రక్క చాపమీద పండుకొను బాలుడు ఇంటినుండి ఉత్తరముగాని, ఫోనుగాని రాక ఎన్నిదినములైనదో మీకు తెలియునా? లెక్కలలో వెనుకబడినవానికి పరీక్షకు ముందు అరగంట చెప్పితిరా? క్రొత్తగ చేరినవానిని భోజనపు వరుసలో నెవరు పిలిచిరి? మీలో పదిమంది చొప్పున గుంపులేర్పరచుకొని, వారమునకొకసారి కూర్చుండి, యెవరు రాలేదో లెక్కించుడు. రానివానియొద్దకు ఆ సాయంకాలమే ఇద్దరు పోవుడు. ఉపన్యాసము అక్కరలేదు; ఎట్లున్నావని యడిగిన చాలును.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు సహవాసమును గ్రంథములనుండి నేర్చుకొనరు. మీ యింటి పంక్తిలో ఎవరు కూర్చుండిరో చూచి నేర్చుకొందురు. సంవత్సరమున కొక్కసారియైనను మీ జాతికిగాని అంతస్తునకుగాని చెందని సహవిశ్వాసి కుటుంబమును పిలిచి, మీ పిల్లలచేతనే వడ్డింపజేయుడు. ఉపాధ్యాయులారా, మిషను ఉద్యోగులారా, హాజరుపట్టీలో రాని విద్యార్థియెదుట గుర్తు వేయుటతో మన పని ముగియలేదు, అచ్చటనే ప్రారంభమగుచున్నది.

బ్రిస్టలు పట్టణపు అప్పు తీరినది. కాని ఆ కెప్టెను ఒక్కసారి తలుపు తట్టుటవలన పుట్టిన మేలు మహాసముద్రములు దాటి గోదావరి తీరమువరకు వచ్చినది. మనము తట్టవలసిన తలుపులు అంత దూరమున లేవు. వచ్చు ఆదివారము మన ప్రక్కనున్న చోటు ఖాళీగ నున్నయెడల, దానిమీద మన పుస్తకము పెట్టుకొనక, ఆ చోటున కూర్చుండవలసినవా డెవడో తలంచుకొని, ఆ దినము ప్రొద్దు గ్రుంకకమునుపే వాని యింటికి పోవుదము గాక.